శిక్షయా? ప్రోత్సాహమా? – స్కిన్నర్ భావాలపై ఒక పరిశీలన

భయం లేనిదే చదువు రాదన్న నమ్మకం మన సమాజంలో నేటికీ బలంగానే ఉన్నది. ఈ నమ్మకాన్ని ప్రయోగశాలలో పరీక్షకు నిలిపిన శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్. ఆయన సిద్ధాంతాలన్నిటినీ అంగీకరించకున్నా, విద్యను గురించి ఆయన చెప్పినది విద్యార్థులమూ, మన పెద్దలూ ఆలకించదగినదని మా అభిప్రాయం.

స్కిన్నర్ 1904 మార్చి 20న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, సస్క్వెహన్నా అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఆంగ్ల సాహిత్యంలో పట్టభద్రుడై రచయిత కావలెనని ఆశించారు. ఆ ఆశ ఫలించలేదు. పావ్లోవ్, వాట్సన్‌ల గ్రంథాలు ఆయనను మనోవిజ్ఞాన శాస్త్రం వైపు మరల్చాయి. 1931లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన ఆయన, 1990 ఆగస్టు 18న మరణించే వరకు ప్రవర్తన అధ్యయనానికే జీవితాన్ని అంకితం చేశారు.

ఒక చర్య వెంట కలిగే ఫలితమే ఆ చర్య భవిష్యత్తును నిర్ణయిస్తుందన్నది ఆయన సిద్ధాంత సారం. పెట్టెలోని ఎలుక మీటను నొక్కుతుంది. ఆహారపు గుళిక పడుతుంది. ఎలుక మరల మరల నొక్కుతుంది. దీనినే పునర్బలనం అన్నారు. మరి శిక్ష మాటేమిటి? ఆహారం రావడం ఆపివేసి, కొన్ని ఎలుకలకు మాత్రం మీట నొక్కగానే పాదాలపై దెబ్బ తగిలే ఏర్పాటు చేశారు. దెబ్బ తగులుతున్నంతసేపు అవి వెనుదీశాయి. దెబ్బలు ఆగిన పిమ్మట తిరిగి నొక్కసాగి, తుదకు దెబ్బలెరుగని ఎలుకలతో సమానమయ్యాయి. 1938లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ ప్రయోగం ఉన్నది. తీవ్రమైన శిక్షల ప్రభావం అంతకన్న ఎక్కువ కాలం నిలుస్తుందని తరువాతి పరిశోధకులు చూపారు. అయినను, శిక్ష ఏమి చేయరాదో చెప్పగలదే గాని, ఏమి చేయవలెనో నేర్పలేదు.

1953లో స్కిన్నర్ తన కుమార్తె చదివే లెక్కల తరగతికి వెళ్ళారు. కొందరు పిల్లలు లెక్కలు ముగించి ఊరక కూర్చున్నారు. కొందరు మొదటి మెట్టు వద్దనే తడబడుతున్నారు. తన జవాబు ఒప్పో తప్పో ఏ బిడ్డకూ వెంటనే తెలియదు. ఈ రెండు లోపాలను తొలగించుటకే ఆయన బోధనా యంత్రాన్ని నిర్మించారు. పాఠం చిన్న చిన్న మెట్లుగా సాగుతుంది. ప్రతి జవాబు ఫలితం తక్షణమే తెలుస్తుంది. ఎవరి వేగం వారిది.

అయితే మానవుడు ఎలుకా కాడు, పావురమూ కాడు. పిల్లలు తామెన్నడూ వినని వాక్యాలను పలుకుతారు గదా, దానిని పునర్బలనం ఎట్లు వివరించునని నోమ్ చామ్‌స్కీ 1959లో ప్రశ్నించారు. 1971లో వెలువడిన గ్రంథంలో స్కిన్నర్ మానవ స్వేచ్ఛ భ్రమయే అన్నారు. దీనిని మేము అంగీకరించలేము. స్వేచ్ఛ లేనినాడు బాధ్యతకు అర్థమేమున్నది?

కాని ఆయన తరగతి గదిలో చూచినది సత్యం. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిపిల్లలపై శారీరక శిక్షను నిషేధించింది. బెత్తం పోయినంత మాత్రాన భయం పోదు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారూ, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారూ ఒకే బల్లపై కూర్చుని ఆంగ్లంలో పాఠం వినేచోట అందరి వేగమూ ఒకటి కాజాలదు. వెనుకబడినవానికి పరిహాసం కాదు, మరొక మెట్టు కావలెను. చిన్న పరీక్షలు తరచుగా జరిపి, దిద్దిన పత్రాలను వారంలోగా తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల సంఘాన్ని సవినయంగా కోరుతున్నాము. ఇందుకు యంత్రాలు అక్కరలేదు. శ్రద్ధ ఉన్న చాలు.