పక్కసీటులో పెద్దదిక్కు

మా నాదర్‌గుల్ పేరు చెప్పగానే కొందరికి శిక్షణ విమానాలు ఎగిరిన చిన్న రన్‌వే గుర్తుకొస్తుంది. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సు కావాలంటే కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. అంత చేసి లైసెన్సు పుచ్చుకున్నవారికి కూడా ప్రయాణికుల విమానాన్ని వెంటనే అప్పగించరు. కెప్టెన్ పక్కసీటులో సహపైలట్‌గా కూర్చోబెడతారు. దానిని ఎవరూ చిన్నతనంగా భావించరు. పట్టా వేరు, చేయితిరగటం వేరు అన్న ఎరుక ఆ వృత్తిలో స్థిరపడి ఉంది.

ఈ ఎరుక లోపించిన మరొక వృత్తిని గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ టపా.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఉద్యోగం చూపించే పని అనుకునేవారు నేటికీ ఉన్నారు. ‘వృత్తి చికిత్స’ అన్న అనువాదం ఆ అపోహను మరికాస్త పెంచింది. నిజానికి ఇక్కడ ఆక్యుపేషన్ అంటే మనిషి రోజును నింపే పనులన్నీ: పళ్ళు తోముకోవటం, బొత్తాం పెట్టుకోవటం, అన్నం కలుపుకోవటం, పెన్సిలు పట్టుకోవటం. పక్షవాతం వచ్చిన పెద్దాయనకు ఆ పనులను తిరిగి చేతికందించటం, ఎదుగుదలలో వెనకబడిన పసివాడికి మొదటిసారి అలవరచటం ఈ వృత్తి ధర్మం. మన దేశంలో 1950లో కమలా నింబ్కర్ చొరవతో బొంబాయి కె.ఇ.ఎమ్. ఆసుపత్రిలో దీనికి తొలి పాఠశాల ఏర్పడింది. 1952లో అఖిల భారత సంఘం వెలిసింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 7 నుండి 21కి పెంచింది. ఆటిజం, అభ్యసన వైకల్యాలు అందులో చేరాయి. థెరపిస్టుల అవసరం మునుపటికంటే బాగా కనబడసాగింది. కాని కొత్తగా పట్టా పుచ్చుకున్నవారి చేయిపట్టుకొని నడిపించే ఏర్పాటు అందుకు తగినట్టుగా రాలేదు.

నేనెరిగిన ఒక అమ్మాయి నాలుగేళ్ళ చదువూ, ఆరునెలల ఇంటర్న్‌షిప్పూ ముగించుకొని ఒక ప్రైవేటు కేంద్రంలో చేరింది. చేరిన వారానికే ఆమెకొక గది, రోజుకు ఎనిమిదిమంది పిల్లలు. అడిగి తెలుసుకుందామంటే ఆ వృత్తికి చెందిన పెద్దవారు అక్కడ ఒక్కరూ లేరు. పిల్లవాడు ఏడ్చినప్పుడు ఆపాలా, కొనసాగించాలా? మూడు నెలలైనా మార్పు లేకపోతే లోపం బిడ్డలో ఉందా, ఎంచుకున్న పద్ధతిలో ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు పుస్తకంలో దొరకదు. అనుభవజ్ఞుల పక్కన కూర్చొని చూసి నేర్వవలసిందే.

పైగా ఆంగ్ల పాఠ్యగ్రంథం చెంచాతో తినటం నేర్పుతుంది. పట్టు తప్పిన వేళ్ళతో పప్పన్నం కలిపి ముద్ద చేయించటం ఎలాగో చెప్పదు. పీటమీద కూర్చొని లేవటం, చీర కుచ్చిళ్ళు పోసుకోవటం, ముగ్గు వేయటం మన ఇళ్ళలోని ఆక్యుపేషన్లు. వీటిని నేర్పే మెళకువలు పెద్ద థెరపిస్టుల చేతుల్లో ఉన్నాయి. వారు ఉద్యోగ విరమణ చేసిననాడు వారితోపాటే వెళ్ళిపోతాయి.

అమెరికాలో ఈ వృత్తిసంఘం 9 నుండి 12 నెలల ఫెలోషిప్ పద్ధతిని రూపొందించింది. ఒక ప్రత్యేక రంగంలో, ఒక మార్గదర్శి పర్యవేక్షణలో పనిచేస్తూ నేర్చుకోవటం దాని సారాంశం. దానిని మక్కీకి మక్కీ దించుకోనక్కరలేదు. మనకు సికింద్రాబాదులో 1984లో మనోవైకల్యంపై జాతీయ సంస్థగా మొదలై, నేడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని పిలవబడుతున్న కేంద్రసంస్థ ఉంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు వచ్చాయి. ఇటువంటి చోట్ల ఏడాదిపాటు ఒక్కొక్క మార్గదర్శికి ముగ్గురికి మించకుండా కొత్తవారిని అప్పగించవచ్చు. వారానికి రెండుగంటలు కేసుల చర్చ, ప్రతి కేసుకూ ఒక దినచర్య పుస్తకం ఉంటే చాలు. రెండు నియమాలు మాత్రం తప్పరాదు. కొత్తవారికి జీతం ఇవ్వాలి. లేకపోతే ఫెలోషిప్ అన్నది వెట్టిచాకిరీకి మర్యాదపేరు అవుతుంది. నేర్పేవారి సమయాన్ని కూడా పనిగంటలుగా లెక్కకట్టాలి.

నేర్చుకున్నాక విదేశాలకు పోతారు కదా అనవచ్చు. నేర్పకపోయినా పోయేవారు పోతూనే ఉన్నారు. ఉన్న ఏడాదిలో వారి చేతికింద ఉండే పిల్లల మాటేమిటి? 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టం రిజిస్టరులో పేరు నమోదుకు దారి చూపింది. అది అవసరమే. కాని రిజిస్టరు పట్టాకు సాక్ష్యం, చేతికి కాదు.

నాదర్‌గుల్ వంటి శివారు గ్రామాల నుండి బిడ్డను చంకనేసుకొని, రెండు బస్సులు మారి, ఆ పూట కూలి పోగొట్టుకొని ఒక తల్లి థెరపీకి వెళుతుంది. ఆ గదిలోని యువతి నేర్చుకుంటూ ఉండటంలో తప్పులేదు. ఒంటరిగా నేర్చుకోవలసి రావటమే అన్యాయం, ఇద్దరికీ. బిడ్డ తొలి అయిదేళ్ళు మళ్ళీ రావు.

చదువరులలో ఈ వృత్తిలో పండినవారెవరైనా ఉంటే, మీ పక్కన ఒక కుర్చీ వేసి ఒక కొత్తవారిని కూర్చోబెట్టుకోవలసిందిగా నా మనవి. ప్రభుత్వ ఉత్తర్వు రాకముందే చేయగలిగిన పని అది.