అతకని అతుకు

విరిగిన వస్తువును వెంటనే పారవేయడం మా ఇంటి ఆచారం కాదు. చాలా ఏళ్ళ క్రితం మా రేడియో పెట్టె మూల పగిలితే, క్షణంలో పట్టే జిగురు రెండు చుక్కలు వేసి అతికించాను. అది నేటికీ చెక్కుచెదరలేదు. ఆ ధైర్యంతోనే గడచిన చలికాలంలో బకెట్టు చెవి ఊడిపోగా అదే జిగురుతో అతికించి, ఒక పూట ఆరబెట్టి, పని ముగిసినదని సంతోషించాను. మరునాటి ఉదయం నా శ్రీమతి వేడినీళ్ళు తీసుకువెళ్తూ ఉండగా ఆ చెవి ఊడి నీళ్ళు ఆమె పాదం మీద పడ్డాయి. పది రోజులు చెప్పు తొడగలేకపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

తప్పు జిగురుది కాదు. నా తొందర కొంత. మిగిలినది ‘ప్లాస్టిక్’ అనే ఒక్క మాటది. పిల్లలకు నానార్థాలు నేర్పిన నేను ఈ మాట వెనుక ఎన్ని జాతులున్నవో విచారించలేదు. పాలీస్టైరీన్, ఎ.బి.ఎస్. వంటివి ఆ జిగురుకు చక్కగా లొంగుతాయి. బకెట్లకు వాడే పాలీప్రొపిలీన్, పాలిథీన్ లొంగవు. వాటి మీద జిగురు తామరాకు మీది నీటిబొట్టే, పరచుకోదు, పట్టదు. గట్టిపడినట్లు కనిపిస్తుంది గాని గోటితో గీకితే పొరగా లేచివస్తుంది. పీవీసీ గొట్టాలకు వాడే ద్రావణం సంగతి వేరు. అది రెండు అంచులనూ కొంచెం కరిగించి ఏకం చేస్తుంది. దానిని అతుకు అనడం కంటే సంధి అనడమే న్యాయం.

తరువాత బకెట్టు బోర్లించి చూస్తే అడుగున త్రికోణంలో 5 అని ఉన్నది. పాలీప్రొపిలీన్ గుర్తు అది. 2, 4 పాలిథీన్‌కు, 6 పాలీస్టైరీన్‌కు. వ్యర్థాలను వేరుచేయడానికి 1988లో అమెరికాలో పుట్టిన ఈ అంకెలు బాగుచేసుకొనేవానికీ అక్కరకు వస్తాయి. జీవితమంతా అక్షరాలు దిద్దించినవాణ్ణి ఆ ఒక్క అంకె చదవలేదు. అయితే నేను కొన్న జిగురు గొట్టం మీద మాత్రం ఏయే ప్లాస్టిక్కులకు పనికిరాదో చీమతలకాయంత ఇంగ్లీషులో ఉన్నది. ‘2, 4, 5 అంకెలున్నవాటికి వాడవద్దు’ అని తెలుగులో ఒక్క వాక్యం అచ్చువేస్తే వ్యాపారం మునిగిపోతుందా? ఒక్క బకెట్టుకు ఇంత రాద్ధాంతమా అనేవారు ఆ పాదం చూసి ఉండరు.

వేడీ బరువూ మోసే చోట, కుక్కరు పిడి వంటివాటికి, ఏ జిగురునూ నమ్మరాదని ఇప్పుడు నా అభిప్రాయం. పిడి కొత్తది కొనుక్కోవాలి.

ఒకప్పుడు మా వీధికి మాట్లు వేసే అతను వచ్చేవాడు. బిందెలకే కాక ప్లాస్టిక్ బకెట్లకూ వేసేవాడు. కాల్చిన ఇనుప చువ్వతో పాత బకెట్టు ముక్కను కరిగించి పగులు మీద పరచేవాడు. నేను ఒకసారి చేతికందిన ప్లాస్టిక్ ముక్క ఇస్తే, అంచు కాల్చి, వాసన చూసి, తిరిగి ఇచ్చేశాడు. “ఇది కలవదండీ పంతులుగారూ, దీని జాతి వేరు” అన్నాడు.