ఎమ్మెల్యేని ఎన్నుకోవచ్చు.. కాలేజీలో మాత్రం ఓటు లేదు! క్యాంపస్ రాజకీయాల్లో స్టూడెంట్ ఎక్కడ?

18 ఏళ్లు నిండిన డిగ్రీ స్టూడెంట్ ఎమ్మెల్యేకి ఓటేస్తాడు, ఎంపీకి ఓటేస్తాడు, ఊళ్లో సర్పంచ్‌ని కూడా ఎన్నుకుంటాడు. కానీ రోజూ తినే హాస్టల్ మెస్ గురించి, ఏటా పెరిగే ఎగ్జామ్ ఫీజు గురించి ప్రిన్సిపాల్‌తో మాట్లాడే ప్రతినిధిని మాత్రం ఎన్నుకోలేడు. తెలుగు రాష్ట్రాల్లోని స్టేట్ యూనివర్సిటీల్లో, వాటి కింద ఉన్న కాలేజీల్లో మూడున్నర దశాబ్దాలుగా ఇదే పరిస్థితి.

టైమింగ్ చూస్తే ఇంకా విచిత్రంగా ఉంటుంది. దేశంలో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో. అటూ ఇటుగా అదే సమయంలో ఉమ్మడి ఏపీలో స్టూడెంట్ యూనియన్ ఎన్నికలు ఆగిపోయాయి. క్యాంపస్‌లో గొడవలు, హత్యలు అప్పుడు చెప్పిన కారణం. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండైంది. ఆ ఎన్నికలు మాత్రం తిరిగి రాలేదు.

మరి క్యాంపస్‌లో రాజకీయాలు లేవా అంటే.. ఎందుకు లేవు, ఫుల్లుగా ఉన్నాయి! ఏబీవీపీ, ఎన్ఎస్‌యూఐ, ఎస్ఎఫ్ఐ, ఏఐఎస్ఎఫ్, పీడీఎస్‌యూ.. గేటు దగ్గర జెండా గద్దెలు చూస్తే చాలు. లేనిదల్లా ఓటే. ఓటు లేకపోతే నాయకుడు కింద నుంచి రాడు, పై నుంచి వస్తాడు. పార్టీ ఆఫీసులో పదవి ఇస్తారు, క్యాంపస్‌లో ఫ్లెక్సీ పడుతుంది. కొందరు నాయకుల చదువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది కూడా. సగటు స్టూడెంట్‌కి వాళ్లు కనిపించేది బంద్ రోజు. 'రేపు కాలేజీ లేదు' అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. బంద్ ఎందుకో పట్టించుకునేది తక్కువ మంది. 'ఈ జనరేషన్‌కి రాజకీయాలంటే ఇంట్రస్ట్ లేదు' అని పెద్దలు తేల్చేస్తారు. అడగడానికి వాళ్లకి చోటే ఇవ్వనప్పుడు ఇంట్రస్ట్ ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు నష్టం ఎక్కడో చూడాలంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గరికి రావాలి. 2008లో వైఎస్ హయాంలో మొదలైన ఈ పథకం వల్ల లక్షల ఇళ్లలో మొదటి ఇంజినీర్, మొదటి డిగ్రీ హోల్డర్ వచ్చారు. అందులో సందేహమే లేదు. ఇబ్బందల్లా బకాయిలతోనే. ప్రభుత్వం నుంచి డబ్బులు రాకపోతే కాలేజీ ఎవర్ని పట్టుకుంటుంది? కోర్సు పూర్తయి టీసీ, మెమోల కోసం వచ్చిన స్టూడెంట్‌ని. 'ముందు నువ్వు కట్టు, గవర్నమెంట్ ఇచ్చాక తిరిగి తీసుకో' అంటారు. పీజీ అడ్మిషన్‌కో, జాబ్ జాయినింగ్‌కో రెండు రోజులే టైం ఉంటుంది. నాన్న వడ్డీకి తెచ్చి కడతాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు ఆపి పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ సంగతి కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి ఎవరు చెప్పాలి?

2025 నవంబర్ మొదట్లో తెలంగాణలో ఇవే బకాయిల కోసం ప్రైవేట్ కాలేజీలు బంద్ పెట్టాయి. ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నది యాజమాన్యాల ఫెడరేషన్. యజమానులకో సంఘం ఉంది, లెక్చరర్లకూ సంఘాలున్నాయి. పథకం ఎవరి పేరు మీద నడుస్తోందో ఆ స్టూడెంట్ తరఫున మాట్లాడటానికి మాత్రం ఎన్నికైన మనిషి ఒక్కరూ లేరు. విద్యార్థి సంఘాలు ధర్నాలు చేశాయి, కాదనలేం. కానీ రోడ్డు మీద ధర్నా వేరు, చర్చల్లో కుర్చీ వేరు.

వినేవాళ్లు లేకపోతే ఏమవుతుందో 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ చూపించింది. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలి, మెస్‌లో తిండి బాగుండాలి, ల్యాప్‌టాప్‌లు, యూనిఫామ్‌లు ఇవ్వాలి.. ఇలా 12 డిమాండ్లతో వేల మంది స్టూడెంట్స్ బయటకొచ్చి కూర్చున్నారు. వాళ్లలో చాలామంది టెన్త్ అయ్యాక నేరుగా అక్కడ చేరినవాళ్లు. గేటు దగ్గర ఎండలో, వానలో దాదాపు వారం రోజులు క్రమశిక్షణతో కూర్చున్నారు. చివరికి విద్యాశాఖ మంత్రి రాత్రిపూట క్యాంపస్‌కి వెళ్లి మాట్లాడితే గానీ ఆందోళన ఆగలేదు. మెస్‌లో పప్పు గురించి మంత్రి స్థాయిలో చర్చ! నెలకోసారి కూర్చుని మాట్లాడుకుంటే క్యాంపస్‌లోనే తేలిపోయే విషయాలు అందులో సగం ఉన్నాయి.

సెంట్రల్ యూనివర్సిటీ అయిన హెచ్‌సీయూలో సీన్ వేరు. అక్కడ యూనియన్‌కి ఎన్నికలు జరుగుతాయి. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగినప్పుడు అందరి తరఫున మాట్లాడటానికి ఎన్నికైన యూనియన్ ఒకటి ఉంది. క్లాసుల బాయ్‌కాట్‌కి పిలుపిచ్చింది. చెట్ల నరికివేతను ఏప్రిల్ 3న ఆపింది సుప్రీంకోర్టే, యూనియన్ ఆపిందని చెప్పలేం. కానీ 'మీరెవరు మాట్లాడటానికి?' అనే ప్రశ్న అక్కడ ఎవరూ వేయలేకపోయారు. అదే మార్చిలో, అదే హైదరాబాద్‌లో, ఉస్మానియా అధికారులు మాత్రం డిపార్ట్‌మెంట్లు, ఆఫీసుల దగ్గర ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ ఇచ్చారు.

తల్లిదండ్రుల భయాన్ని కూడా తీసిపారేయలేం. 1972లో ఉస్మానియా క్యాంపస్‌లో జార్జిరెడ్డి హత్య ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. డబ్బు సంగతి చెప్పాలంటే ఢిల్లీ యూనివర్సిటీనే చూడండి. 2024 సెప్టెంబర్‌లో పోలింగ్ జరిగితే ఫలితాలు నవంబర్ చివర్లో వచ్చాయి. గోడల నిండా అంటించిన పోస్టర్లు, రంగులు శుభ్రం చేసేదాకా కౌంటింగ్ వద్దని హైకోర్టు ఆపేసింది. 'పిల్లల్ని చదువుకోడానికి పంపాం, కొట్టుకోడానికి కాదు' అనే మాటలో న్యాయం ఉంది.

అయితే ఈ భయాలకు మందు కనిపెట్టి చాలా ఏళ్లయింది. మాజీ చీఫ్ ఎలక్షన్ కమిషనర్ లింగ్డో కమిటీ సిఫార్సుల్ని అమలు చేయమని 2006లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు 5 వేలు దాటకూడదు. ప్రింటెడ్ పోస్టర్లు వాడకూడదు. 75 శాతం హాజరు ఉండాలి, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు. డిగ్రీ వాళ్లకి వయసు 22 దాటకూడదు. ఈ రూల్స్ గట్టిగా పెడితే ఇప్పుడు ఫ్లెక్సీల్లో కనిపిస్తున్న చాలామంది నామినేషన్ కూడా వేయలేరు! బహుశా అందుకేనేమో ఎన్నికలు కావాలని పార్టీలు మైకుల్లో అడిగినంత గట్టిగా అధికారంలోకి వచ్చాక అడగవు. క్యాంపస్ మెట్లెక్కి వచ్చిన నాయకులు మనకి తక్కువేం లేరు. వెంకయ్యనాయుడు ఆంధ్రా యూనివర్సిటీ కాలేజీల యూనియన్ ప్రెసిడెంట్‌గా చేశారు. చంద్రబాబు రాజకీయం తిరుపతి ఎస్వీయూలో మొదలైంది.

పెద్ద ఎన్నికలంటే భయమైతే చిన్నగా మొదలుపెట్టొచ్చు. వాతావరణం బాగాలేని చోట కొంతకాలం నామినేషన్ పద్ధతి పెట్టుకుని, ఐదేళ్లలో ఎన్నికలకి మారాలని లింగ్డో కమిటీయే చెప్పింది. ముందు క్లాస్ రిప్రజెంటేటివ్‌ని రహస్య ఓటుతో ఎన్నుకోనివ్వండి. మెస్ కమిటీలో, ఫీజు కమిటీలో వాళ్లకి కుర్చీ ఇవ్వండి. ఇప్పుడు సీఆర్ అంటే అటెండెన్స్ షీట్ మోసేవాడు, సార్ చెప్పింది గ్రూపులో ఫార్వర్డ్ చేసేవాడు.

ఈలోగా సర్టిఫికెట్లు ఆగిపోయినవాళ్లు, ఫీజు వేధింపులు ఎదుర్కొంటున్నవాళ్లు ఏం చేయాలి? యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో స్టూడెంట్స్ ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో స్టూడెంట్ ప్రతినిధి కూడా ఉంటారు. అయితే ఎన్నికైనవాళ్లు కాదు, మార్కులు, ఆటలు చూసి కాలేజీ నామినేట్ చేసేవాళ్లు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కమిటీ 15 పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లోగా యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీల్ చేసుకోవచ్చు.