చెల్పూరు బూడిదకు లెక్క చెప్పండి

హైదరాబాదులో ఇరవై లక్షలు పెట్టి ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు రాష్ట్ర ప్రభుత్వానికి రోడ్డు ట్యాక్సు కింద ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదు. 2024 నవంబరులో వచ్చిన 41వ నంబరు జీవో ఈ మినహాయింపును 2026 డిసెంబరు 31 దాకా ఇచ్చింది. అదే ధరకు పెట్రోలు కారు కొంటే మూడు లక్షల పైచిలుకు పన్ను పడేది. 2020 నాటి విధానంలో సొంత కార్లకు అయిదు వేల వరకే అని ఒక హద్దు ఉండేది. కొత్త జీవో ఆ హద్దును కూడా ఎత్తేసింది. పర్యావరణం కోసమే ఇదంతా అన్నారు. ఎవరి పర్యావరణం? జనగామ జిల్లా జఫర్‌గఢ్‌లో కూర్చుని నేను అడుగుతున్న ప్రశ్న ఇదే.

ఆ కార్లు మాకు కొత్తేమీ కావు. పక్కనే స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా పోయే హైవే మీద ఆకుపచ్చ నంబరు ప్లేట్లతో చప్పుడు లేకుండా దూసుకుపోతుంటాయి. వాటికి కావాల్సిన కరెంటు ఎక్కడిది? గ్రిడ్డులో అన్ని కరెంట్లూ కలుస్తాయి, నిజమే. కానీ కారు చార్జింగు ఎక్కువగా రాత్రి పూట, ఇంటికొచ్చి పడుకునే ముందు పెడతారు. ఆ వేళకు సోలార్ ప్యానెళ్లు పనిచేయవు. నాగార్జునసాగర్, శ్రీశైలం నీళ్లున్నప్పుడే కరెంటు ఇస్తాయి. రాత్రంతా నడిచేవి బొగ్గు బాయిలర్లే. వాటిలో ఒకటి మా వైపే, భూపాలపల్లి జిల్లా చెల్పూరులో ఉంది. కాకతీయ థర్మల్ కేంద్రం. ఒక యూనిట్ 500 మెగావాట్లు, ఇంకోటి 600.

లెక్క వేయండి. ఓ మోస్తరు కారు బ్యాటరీ నిండాలంటే ముప్ఫై యూనిట్లన్నా కావాలి. ఒక్కో యూనిట్‌కు సుమారు ఏడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే ఒక రాత్రి చార్జింగుకు ఇరవై కిలోల బొగ్గు. మన బొగ్గులో మూడో వంతుకు అటూ ఇటూగా ఉండేది బూడిదే. తెల్లారేసరికి కారు బ్యాటరీ నిండుతుంది, మా దగ్గర ఆరేడు కిలోల బూడిద మిగులుతుంది. కారు ఊళ్లో తిరుగుతుంది. బూడిద ఎక్కడికీ పోదు.

భూపాలపల్లికి రైలు లేదు. బొగ్గు టిప్పర్లలోనే రోడ్డెక్కుతుంది. సింగరేణి వాళ్ల కేటీకే గనుల నుంచి, మల్హర్‌రావు మండలం తాడిచర్ల నుంచి. ఆ టిప్పర్లు తాగేది డీజిలే. పరదా సరిగ్గా కప్పని బండి ఒకటి ముందు పోతుంటే వెనక బైకు మీద వచ్చేవాడు కళ్లు తెరవలేడు. ఓపెన్‌కాస్టు పక్క ఊళ్లో మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెడితే గూట్లో గిన్నెలు గలగలమంటాయి. గోడ నెర్రెలను సిమెంటుతో పూస్తారు, మళ్లీ నెర్రెలు విచ్చుతాయి. కోల్‌బెల్టులో పుట్టినవాళ్లకు ఇది వార్త కాదు. 1889లో ఇల్లందులో మొదటి గని తవ్విన నాటి నుంచి ఈ గోదావరి లోయ హైదరాబాదుకు వెలుగులు ఇస్తూనే ఉంది. నిజాం కాలంలో ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చింది, తెలంగాణలోనూ ఇస్తోంది. ఇప్పుడు ఆ నగరపు కార్ల పొగ కూడా ఇక్కడే వదలాలంటే కడుపు మండదా?

నా మాటలు పట్టుకుని పెట్రోలు బంకు పక్షాన నిలబడేవాళ్లు ఉన్నారు. వాళ్లకూ ఒక మాట చెప్పాలి. బొగ్గే ఎక్కువగా ఉన్న మన గ్రిడ్డు కరెంటుతో నడిచినా సరే, ఎలక్ట్రిక్ కారు పెట్రోలు కారు కన్నా తక్కువ కార్బనే వదులుతుంది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే కారుకు అది కిలోమీటరుకు నూట యాభై గ్రాములు. మన దేశపు గ్రిడ్డు లెక్కలో యూనిట్‌కు 700 గ్రాములకు కాస్త పైన. ఆ లెక్కన ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరుకు నూరు, నూట పది గ్రాములు. బ్యాటరీ తయారీలో అయ్యే కాలుష్యాన్ని కూడా కలిపి స్వచ్ఛ రవాణా మీద పరిశోధన చేసే ఐసీసీటీ సంస్థ 2021లో తేల్చింది ఏమంటే, భారతదేశంలో ఎలక్ట్రిక్ కారు మొత్తం జీవితకాలంలో పెట్రోలు కారు కన్నా 19 నుంచి 34 శాతం తక్కువ వదులుతుందని. సిటీలో బడికి పోయే పిల్లల ముక్కు దగ్గర పొగ ఉండదు, అది చిన్న విషయం కాదు. పైగా మనం వాడే ముడిచమురులో నూటికి ఎనభై అయిదు పైన బయటి దేశాల నుంచి కొంటున్నదే. పెట్రోలు నడిచిన దారి కూడా చావుల దారే. 1997 సెప్టెంబరులో విశాఖ రిఫైనరీ మంటల్లో యాభై మందికి పైగా కాలిపోయారు. బొగ్గు బూచిని చూపి పెట్రోలును పవిత్రం చేసే వాదనను నేను ఒప్పుకోను.

ఒప్పుకోనిది ఇంకోటి కూడా ఉంది. పాతిక శాతం తగ్గిస్తే నూటికి నూరు శాతం పన్ను ఎందుకు మాఫీ చేస్తారు? అది కూడా ఎవరికి? లక్ష రూపాయల స్కూటర్ కొన్న జనగామ కుర్రాడికి మిగిలేది పది, పన్నెండు వేలు. ఇరవై లక్షల కారుకు మూడు లక్షలు దాటుతుంది. కోటి రూపాయల కారుకు ఇంకెంతో మీరే వేసుకోండి. కేంద్రం జీఎస్టీ సైతం ధరతో నిమిత్తం లేకుండా అయిదు శాతమే. స్కూటర్ ఒక మనిషిని మూడు యూనిట్లతో వంద కిలోమీటర్లు తీసుకుపోతుంది. రెండు టన్నుల కారు కూడా చాలాసార్లు ఒక్క మనిషినే తీసుకుపోతుంది, కానీ అయిదారింతల కరెంటు తింటుంది. తక్కువ తినేవాడికి గరిటెడు, ఎక్కువ తినేవాడికి గంగాళం. దీన్ని పర్యావరణ విధానం అంటారా?

బ్యాటరీ సంగతి చూడండి. మా ఊళ్లోకి మైకు కట్టుకుని ట్రాలీ ఆటో వస్తుంది. పాత ఇనుము, పాత ప్లాస్టిక్, పాత బ్యాటరీలు కొంటామంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి కిలోల చొప్పున రేటు కడతారు, ఎందుకంటే లోపల సీసం ఉంది, దానికి మార్కెట్ ఉంది. అందులోని యాసిడ్‌ను ఏ మోరీలో వంపుతారో చూసినవాళ్లకు తెలుసు. రేపు లిథియం బ్యాటరీలు కూడా ఇదే ట్రాలీ ఎక్కుతాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు పాత బ్యాటరీని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుమీదే పెట్టాయి. మంచి నిబంధన. కానీ జఫర్‌గఢ్‌లో ఒక పాత బ్యాటరీని ఎవరికి అప్పజెప్పాలి? మండల కేంద్రంలో ఒక బోర్డు అయినా ఉండాలి కదా! మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో అమరరాజా బ్యాటరీ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 9,500 కోట్ల పెట్టుబడి అని గొప్పగా చెప్పుకున్నారు. సెల్లు పుట్టే చోటికి అంత హంగామా చేసిన ప్రభుత్వం అది చచ్చాక పోయే చోటి గురించి కూడా మండలం దాకా వచ్చి చెప్పాలి.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా రగిలించేది బస్సు. కేంద్రం పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాదుకు రెండు వేల ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. సంతోషం, నగరానికి అవి కావాలి. కానీ నగరంలోని డీజిల్ బస్సులను రింగురోడ్డు అవతలికి పంపుతామని కూడా పెద్దలే చెబుతున్నారు. అవతల ఉన్నది ఎవరు? మేమే. కరెంటు పుట్టించేటప్పుడు వచ్చే పొగ మాకు, ఆ కరెంటు వాడినందువల్ల ఖాళీ అయిన డీజిల్ బండ్ల పొగ కూడా మాకే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది, మంచి పని. పొద్దున ఎనిమిదింటికి పల్లెవెలుగు బస్సు ఆగితే చూడండి. ఫుట్‌బోర్డు మీద కాలేజీ పిల్లలు, లోపల కూరగాయల సంచులతో అమ్మలు, డ్రైవర్ పక్కన ఇంజన్ మూత మీద కూడా ఇద్దరు. ఆ మూత సెగకు చీర అంచు ముడుచుకుని కూర్చుంటారు. కండక్టర్ "లోపలికి జరగండమ్మా, జరగండి" అని అరుస్తూనే ఉంటాడు. జరగడానికి జాగా ఉండదు. ఒక్క బస్సులో డెబ్భై మంది పోతారు. ఆ బస్సును ఎలక్ట్రిక్ చేస్తే మనిషికి పడే కరెంటు ఎంత తక్కువో ఇంజనీరు చెప్పక్కర్లేదు.

జనగామ, తొర్రూరు, మహబూబాబాద్, భూపాలపల్లి. మా వైపు ఈ నాలుగు ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. పల్లెవెలుగు రోజంతా తిరిగేది పరిమిత దూరమే. డిపో పైకప్పు మీద సోలార్ పెట్టి, మధ్యాహ్నం పూట చార్జింగు పెడితే చెల్పూరు బొగ్గు మీద ఆధారపడటం కొంతయినా తగ్గుతుంది. సింగరేణే సొంత సోలార్ ప్లాంట్లు పెట్టుకుంటోంది. బొగ్గు తవ్వే కంపెనీకి ఎండ విలువ తెలిసినప్పుడు ఆర్టీసీకి తెలియదా?

కారు కొనేవాళ్లకు కూడా చెబుతున్నాను. ఇంటి మీద జాగా ఉంటే ప్యానెళ్లు పెట్టించండి. మూడు కిలోవాట్లకు కేంద్రం పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయలు సబ్సిడీ ఇస్తోంది. ఆఫీసులో పగటి పూట చార్జింగు అడిగి పెట్టించుకోండి. రాత్రి ప్లగ్గు పెట్టి పొద్దున "నా కారు పొగ లేనిది" అని ఎవరికీ చెప్పకండి. ఆ పొగ పీల్చేవాళ్లకు ఆ మాట వినబడుతుంది.

ప్రభుత్వానికి నా డిమాండు సూటిగా ఉంది. 2026 డిసెంబరు 31తో గడువు ముగిసినప్పుడు పది లక్షలు దాటిన సొంత కార్లకు మినహాయింపు పొడిగించొద్దు. స్కూటర్లకు, ఆటోలకు, బస్సులకు ఉంచండి. కార్ల మీద వచ్చే పన్నును విడిగా లెక్కగట్టి, బొగ్గు తవ్వుతున్న, బూడిద మోస్తున్న జిల్లాల డిపోలకు ఎలక్ట్రిక్ పల్లెవెలుగులు కొనండి. మొదటి బస్సు భూపాలపల్లి డిపోకు ఇవ్వండి.