కిలో పసుపుకూ ఒక యార్డు కావాలి

పసుపు బోర్డు కోసం ఆర్మూర్, బాల్కొండ రైతులు ఎంత కొట్లాడారో రాష్ట్రమంతటికీ తెలుసు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు పోటీకి దిగారు. చివరికి 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు బోర్డు ప్రారంభమైంది. సంతోషమే. అయితే ఆ బోర్డు చూడాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. క్వింటాళ్లలో అమ్మే పసుపుకు నిజామాబాద్‌లో మార్కెట్ యార్డు ఉంది. కిలోల్లో అమ్ముకునే రైతుకు ఏముంది?

నేను, మా ఆడబిడ్డ కలిసి మా చేలో పండిన పసుపునే ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, పాలిష్ పట్టించి, పొడి చేయించి వాట్సాప్‌లోనూ, సొంత వెబ్‌సైట్‌లోనూ అమ్ముతున్నాం. పండించడం మాకు కొత్త కాదు. కొనేవాళ్లూ దొరుకుతున్నారు. మిగలాల్సిన డబ్బంతా పార్సెల్ ఖర్చుకే పోతోంది.

కొరియర్‌లో ఛార్జీ అరకిలో చొప్పున పెరుగుతుంది. కిలో పొడికి కవరు, అట్టపెట్టె బరువు కలిస్తే కిలో దాటుతుంది. ఆ కాస్త బరువుకే కిలోన్నర ఛార్జీ కట్టాలి. అందుకే మేం 450 గ్రాముల ప్యాకెట్లు చేస్తున్నాం. రెండు ప్యాకెట్లు పెట్టెలో పెట్టినా తూకం కిలో లోపే ఉంటుంది. పెట్టె సైజుతో ఇంకో చిక్కు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు తూకం కన్నా ఎక్కువైతే దానికే బిల్లు వేస్తారు. 30, 25, 15 సెంటీమీటర్ల పెట్టెలో కిలో పసుపు పెడితే లెక్క రెండుంపావు కిలోలు. సరిపడా చిన్న పెట్టెలు చేయించాలంటే వేలల్లో ఆర్డర్ ఇవ్వాలి. ఒక్క ఇల్లు అంత పెట్టుబడి ఎక్కడ తెస్తుంది?

సరుకు అందాక డబ్బులిస్తామనే ఆర్డర్లతో అసలు బెడద. కొనేవాళ్లను తప్పుపట్టను. ముక్కూమొహం తెలియని వాళ్లకు ముందే డబ్బు పంపాలంటే ఎవరికైనా జంకే. కానీ డెలివరీ అబ్బాయి ఫోన్ చేసినప్పుడు ఎత్తకపోతే పార్సెల్ వెనక్కి వస్తుంది. పోను ఛార్జీ, రాను ఛార్జీ రెండూ మా నెత్తినే. రాకపోకల్లో కవరు అంచు విచ్చుకుందంటే పొడి పెట్టెంతా అంటుకుని ఇక అమ్మకానికి పనికిరాదు. అందుకే పంపే ముందు మేమే ఫోన్ చేసి, చిరునామా చదివి వినిపించి ఖాయం చేసుకుంటున్నాం.

ఇవి ఏ ఇంటికి ఆ ఇల్లు తీర్చుకునే చిక్కులు కావు. 44, 63 జాతీయ రహదారులు మా ఆర్మూర్‌లోనే కలుస్తాయి. నిజామాబాద్-పెద్దపల్లి రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది. అయినా నిర్మల్‌కు పంపిన పార్సెల్ ముందు హైదరాబాద్ వెళ్లి, మళ్లీ మా ఊరు దాటుకుని పైకి పోవడం కళ్లారా చూశాం. నిర్మల్‌కేమో ఇక్కడి నుంచి రోజంతా బస్సులున్నాయి. ఆర్టీసీ 2020 నుంచి పార్సెళ్లు మోస్తోంది. భద్రాచలం తలంబ్రాలను, మేడారం బంగారాన్ని (బెల్లం ప్రసాదాన్ని) ఇళ్లకు చేర్చిన సంస్థకు పసుపు ప్యాకెట్ బరువా? తపాలా శాఖ పోని పల్లె లేదు. విదేశాలకు పంపేవాళ్ల కోసం డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలూ పెట్టింది. గల్ఫ్‌లో ఉన్న మన ఊళ్లవాళ్ల వంటింటికి మన పసుపు చేరే దారి అది.

కాబట్టి పసుపు బోర్డును అడుగుతున్నాను. ఆర్మూర్‌లో ఉమ్మడి ప్యాకింగ్, పార్సెల్ కేంద్రం తెరవండి. పెట్టెలు, కవర్లు టోకున తెచ్చి అసలు ధరకే ఇవ్వండి. చిన్న రైతుల, మహిళా సంఘాల పార్సెళ్లన్నీ ఒక్క ఖాతా కింద కలిపి తపాలా శాఖతో, ఆర్టీసీతో, కొరియర్లతో టోకు ధర మాట్లాడండి. సాయంత్రం ఒక్క బండి వచ్చి అన్నీ తీసుకెళ్లేలా చూడండి. పెద్ద కంపెనీలకు తక్కువ ఛార్జీ పడేది వాళ్ల సరుకు గొప్పదని కాదు, రోజూ వేల పార్సెళ్లు పంపుతారని. మేం కలిస్తే మాకూ ఆ బలం వస్తుంది.

కొనేవాళ్లకూ ఒక మాట. రైతు దగ్గర నేరుగా కొనాలనుకుంటే వీలైనంత వరకు డబ్బు ముందే పంపండి, డెలివరీ ఫోన్ వస్తే ఎత్తండి. మీరు వెనక్కి పంపిన ఒక్క ప్యాకెట్ మాకు రెండు మూడు ప్యాకెట్ల లాభాన్ని మింగేస్తుంది.