ఎడమచేతి వైపు గోడ

"నడకకు కూడా సుంకమా?" ఇటలీలోని చింక్వె తెర్రె ప్రస్తావన వచ్చినప్పుడల్లా మిత్రుల్లో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. కొండ దేవుడిచ్చినది, సముద్రం దేవుడిచ్చినది, కాళ్ళు మనవి. మధ్యలో ఈ టిక్కెట్ల కౌంటరు ఎవరిదని వారి ఆక్షేపణ. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ కౌంటరు దాటి మోంతెరోస్సో నుంచి వెర్నాత్సా వరకు నడిచివచ్చిన నాకు మాత్రం ఈ వాదంలో మొదటి మాటే తప్పనిపిస్తుంది. ఆ కొండ దేవుడిచ్చినట్లుగా లేదు.

చింక్వె తెర్రె అంటే అయిదు నేలలు. ఇటలీ వాయవ్య తీరాన, లిగూరియా సముద్రం మీదికి వాలిన కొండలను పట్టుకొని ఉన్న అయిదు ఊళ్ళు. పడమటి కొసన ఉన్నది మోంతెరోస్సో, దాని తరువాతిది వెర్నాత్సా. రైలెక్కితే సొరంగంలోంచి నాలుగైదు నిమిషాల ప్రయాణం. కాలిబాట మూడున్నర కిలోమీటర్లే అయినా రెండు గంటలు పడుతుంది. ఊరు దాటగానే మెట్లు మొదలవుతాయి. ఏ రెండు మెట్లూ ఒకే ఎత్తున ఉండవు. కొన్నిచోట్ల ఎదురు వచ్చేవారికి దారి ఇవ్వాలంటే గోడకు వీపు ఆనించి నిలబడవలసిందే. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు మోకాళ్ళు మన వయసును గుర్తుచేస్తాయి. చిట్టచివరి మలుపులలో కాళ్ళ కింద వెర్నాత్సా కనబడుతుంది: చిన్న రేవు, నీటి అంచున చర్చి, రాతిగుట్ట మీద గుండ్రటి బురుజు. ఆ దృశ్యాన్ని నేను మళ్ళీ వర్ణించనవసరం లేదు. లోకంలోని క్యాలెండర్లన్నీ ఆ పని ఏనాడో చేశాయి.

ఈ దారిన వెళ్ళేవారికి సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. ఎడమచేతి వైపు గోడ. నాతోపాటు నడిచినవారి కెమెరాలన్నీ కుడివైపుకే తిరిగాయి. సహజమే. కానీ చూడవలసినది ఎడమవైపు ఉన్నదని నా పట్టుదల.

సున్నం లేదు, సిమెంటు లేదు. ఒట్టి రాళ్ళను ఒకదాని మీద ఒకటి ఒదిగించి పేర్చిన గోడ. అడుగున పెద్ద బండలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, మొత్తం గోడ కొండవైపు రవ్వంత వాలి ఉంటుంది. వెనుక రాతిముక్కలు నింపి, ఆపైన మట్టి పోసి, మెట్టు మెట్టుగా మడులు తీర్చారు. వాన పడినప్పుడు నీరు రాళ్ళ సందుల్లోంచి కారిపోతుంది. అందుకే గోడ నిలుస్తుంది. గచ్చుతో బిగించి ఉంటే వెనుక చేరిన నీటి బరువుకే పగిలిపోయేదేమో. కొండ పాదం నుంచి పైదాకా ఇటువంటి గోడలే, వాటి మధ్య ద్రాక్ష, ఆలివ్. దాదాపు వెయ్యేళ్ళుగా తరం తరువాత తరం చేస్తూ వచ్చిన పని ఇది. మన భాషలో మెట్ట అంటే నీటి వసతిలేని ఎత్తునేల, మెట్టు అంటే ఎక్కడానికి కట్టుకున్నది. ఆ రెండు మాటలకూ చుట్టరికం ఉన్నదో లేదో పండితులు చెప్పాలి గాని, అక్కడ మాత్రం మెట్టే మెట్ట, మెట్టే పొలం.

మనం నడిచే బాట కూడా విహారానికని వేసినది కాదు. రైతు తన మడికి పోయే దారి, ఊరికీ ఊరికీ నడుమ దారి. పండిన ద్రాక్షను బుట్టలకెత్తి తలమీద, వీపుమీద మోసుకొని దిగిన మెట్లివి. ఇటీవలి దశాబ్దాలలో కొన్నిచోట్ల ఒంటి పట్టా మీద పాకే బుల్లి బండి వచ్చి ఆ బరువు కొంత తగ్గించింది. తక్కిన పనికి ఇప్పటికీ చేతులే దిక్కు. ఆ వాలు మీద ట్రాక్టరు నిలవదు.

చేతులు ఏమయ్యాయన్నదే అసలు సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో రైలు వచ్చింది, పక్కనే లా స్పేత్సియాలో నౌకాదళపు ఆయుధశాల వచ్చింది. నెలజీతం రుచి తెలిసినవాడు రాళ్ళు పేర్చడానికి ఎందుకు తిరిగివస్తాడు? ఒక్కొక్క మడే పాడుబడింది. పొదలు పెరిగాయి, వేళ్ళు గోడలోకి దూరాయి, అడవిపందులు రాళ్ళు పెకలించాయి. పై గోడ కూలితే ఆ బరువు కింది గోడ మీద పడుతుంది. దూరం నుంచి చూసేవారికి ఆ కొండ పచ్చగా, ముచ్చటగా ఉంటుంది. ఎంత పచ్చగా కనబడితే ప్రకృతి అంత క్షేమమని మనకొక నమ్మకం. ఇక్కడ ఆ పచ్చదనం శిథిలానికి గుర్తు.

2011 అక్టోబరు 25న కుండపోత వానకు కొండలు జారి వెర్నాత్సా, మోంతెరోస్సో వీధులు బురదతో, రాళ్ళతో నిండిపోయాయి, ప్రాణాలు పోయాయి. ఆ తరువాత వెర్నాత్సా వాలులను పరిశీలించిన భూశాస్త్రజ్ఞులు, సేద్యం మానేసి ఎంతో కాలం కాని మడులే ఎక్కువగా జారే గుణం చూపాయని తేల్చారు. మరునాటి ఏడు, 2012 సెప్టెంబరులో, రియోమజ్జోరె, మనరోలాల మధ్య ప్రేమబాటగా పేరుపడిన దారిలో రాళ్ళు విరిగిపడి నలుగురు యాత్రికులు గాయపడ్డారు. కిలోమీటరైనా లేని ఆ బాట మళ్ళీ పూర్తిగా తెరుచుకొనేసరికి 2024 వేసవి వచ్చింది.

కనుక ఆ టిక్కెట్టు సముద్రాన్ని చూసినందుకు కాదు, గోడ మీద ఆధారపడినందుకు. సముద్రం రైలు కిటికీలోంచి కూడా కనబడుతుంది. వెయ్యిమంది కాళ్ళు రోజూ అరగదీసే మెట్లకు ఎవరో ఒకరు రాయి మోయాలి గదా? ఆ కూలి ఊరివారే భరించాలనడం నాకు ధర్మంగా తోచదు.

అయితే టిక్కెట్టుతో అంతా చక్కబడుతుందని నేననను. సుంకం బాటను బాగుచేయగలదు, రైతును పుట్టించలేదు. ద్రాక్ష మోసుకొని కొండ దిగడం కన్న యాత్రికుడికి గది అద్దెకివ్వడం సులువు, లాభం కూడా. గోడను చూడవచ్చే మనమే గోడ కట్టేవాడిని కొండ దింపుతున్నాము. 1997లో ఈ ప్రాంతం యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది, 1999లో జాతీయ ఉద్యానవనమైంది, 2018లో ఇటలీతో సహా ఎనిమిది దేశాల తరఫున ఈ రాళ్ళు పేర్చే విద్య కూడా యునెస్కో గుర్తింపు పొందింది. గౌరవాలకు లోటు లేదు. పార చేతపట్టే కుర్రవాడికి లోటు. అందుకే నా సలహా, ఎవరైనా వెళ్ళేవారుంటే: టిక్కెట్టు కొనండి, ఆపైన ఆ మడులలో పండినదేదైనా కొనండి. ద్రాక్షను వారాల తరబడి నీడన ఆరబెట్టి తీసే షక్కెత్రా అనే తీయని మద్యం అక్కడి ప్రత్యేకత. చిన్న సీసాకే ధర ఎక్కువ. మద్యం ముట్టనివారికి ఆలివ్ నూనె ఉంది. అయస్కాంతపు బొమ్మల కన్న నయం.

మోంతెరోస్సోలో చిన్ననాటి వేసవులు గడిపిన మోంతాలె అనే కవికి 1975లో నోబెల్ బహుమతి వచ్చింది. 1925 నాటి ఆయన మొదటి సంపుటిలో సముద్రం ఎంత ఉన్నదో ఎండ, రాయి, గోడ అంత ఉన్నాయి. ఆయన రెండువైపులా చూసినట్లున్నాడు.

వెర్నాత్సా ఇంకా కనబడక ముందు, ఒకచోట, నాలుగు బారల మేర గోడ కూలి మళ్ళీ పేర్చి ఉంది. పాత రాళ్ళు నాచుపట్టి నల్లగా, కొత్తగా పేర్చినవి తెల్లగా. పక్కన ఇంకా వాడని రాళ్ళ కుప్ప, దాని మీద బోర్లించిన బొక్కెన. మధ్యాహ్న భోజనవేళ కాబోలు, మనిషి లేడు.