చూరునీటి శుచిత్వము

ఆకాశమునుండి జారిన నీటికంటె శుచియైనది లేదను విశ్వాసము మనలో నెంతగా పాతుకొనిపోయినదనగా, ఉప్పునీటి బావులుగల తీరగ్రామములందును, ఫ్లోరైడుపీడితమైన మెట్టపల్లెలందును, ఇంటికప్పుమీది వాననీటిని తొట్టికి మళ్ళించుకొన్న గృహస్థుడు, ఇక దానిని కాచుటయు వడపోయుటయు అనవసరమని నిశ్చింతగా నుండును. ఆ నీరు మేఘమునుండి నేరుగా తన చెంబులో పడలేదనియు, నెలల తరబడి ఎండిన డాబామీదనో తుప్పుపట్టిన రేకులమీదనో పారి వచ్చినదనియు అతనికి స్ఫురింపదు. కప్పుకూడ ఒక పాత్రయే; ఎవ్వరును తోమని పాత్ర.

తొలకరికి ముందు ఒక్కమారు ఆ డాబా నెక్కి చూడవలెను. పిట్టగోడ వెంబడి పావురముల రెట్టలు తెల్లని చారలై గట్టిపడియుండును; తూముకడ వేపాకులు, కోతి కొరికి విసరిన జామకాయ, చచ్చిన తొండ, ఎలుక పెంటికలు ఒక్కముద్దయై కుళ్ళియుండును. మొదటి జల్లు వీటినన్నిటిని కడిగి గొట్టములోనికి దింపును. రెట్టలనుండి సాల్మొనెల్లా, కాంపైలోబాక్టరు అను సూక్ష్మజీవులును, ఎలుకల మూత్రమునుండి లెప్టోస్పైరాయు ఈ దారినే తొట్టిని చేరగలవు. అయినను నీరు తేటగనే యుండును, రుచియు బాగుగనే యుండును. మోసమంతయు నక్కడనే యున్నది. సీసము కలిసిన రంగులు పూసిన కప్పులనుండి ఆ సీసము కొద్దికొద్దిగా నీటిలో దిగుటయు కలదు. అది కాచినను పోదు గనుక అట్టి కప్పునీరు త్రాగుటకు పనికిరాదు.

ఇదంతయు పాశ్చాత్యవైద్యుల భయమని కొట్టివేయువారు మన ఆయుర్వేదమునే తిరుగవేసి చూతురుగాక. సుశ్రుతుడు వాననీటిని శుభ్రమైన తెల్లని వస్త్రము పరచి పట్టుమనియో, మేడకప్పునుండి జారినదానిని శుచియైన పాత్రలలో గ్రహింపుమనియో చెప్పెను. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఇంకొక యడుగు ముందుకు వేసి, ఋతువున మొదట కురిసిన నీటిని, సాలీడు మొదలగువాని దారములతోను మలమూత్రములతోను దూషితమైన నీటిని త్రాగరాదని నిషేధించెను. నేడు ఇంజనీర్లు తొలివానను ప్రక్కకు విడిచిపెట్టు గొట్టము నమర్చుమని చెప్పుట యీ నిషేధమును పాటించుటయే.

అట్లని చూరునీటిని విషమని చాటుటయు న్యాయము కాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమున వాననీరే త్రాగు 300 కుటుంబములలో కొందరికి నిజమైన వడపోత యంత్రమును, తక్కినవారికి ఉత్తుత్తి యంత్రమును అమర్చి యొక యేడాది పరిశీలింపగా, వాంతులు విరేచనముల విషయమున చెప్పుకోదగిన భేదము కానరాలేదని 2011లో ప్రకటించిరి. కాని వారు అదివరకే ఆ నీటికి అలవాటుపడినవారు. ఆ ఫలితమును మూతలేని మన తొట్లకును, నిన్న మొన్న పుట్టిన బిడ్డలకును అన్వయించుట సాహసము.

ఉమ్మడి ప్రకాశం జిల్లా దర్శి, పొదిలి ప్రాంతముల సంగతి వేరు. ఎముకలు బిగిసి నడుములు వంగిపోవు ఫ్లోరోసిస్ అచ్చట నున్నదని 1937లోనే వైద్యులు లోకమునకు తెలిపిరి. బావినీటిలోని ఫ్లోరైడు కాచినకొలది చిక్కబడునేగాని పోదు; వాననీటిలో ఫ్లోరైడు ఇంచుమించు లేదు, దానిలోని క్రిములో, నీరు కళపెళ మరిగినంతనే చచ్చును. తొలగింపరాని దోషము నుండి తొలగింపదగిన దోషమునకు మారుట ఆ ప్రజలకు మేలే. అయితే పొయ్యిమీద పోవు దోషమును పోగొట్టుకొనకపోవుట మాత్రము క్షమింపరానిది.

వాననీటిని పట్టి నిలుపవలెనని, నీరు, నేల, చెట్ల సంరక్షణకై వచ్చిన 2002నాటి వాల్టా చట్టము విధించినది. ఇంకుడుగుంతలకు ప్రచారమును పుష్కలముగా జరిగినది. పట్టిన వాననీరు గొంతు దిగుటకు ముందేమి చేయవలెనో యింటింటికి వచ్చి చెప్పువారు మాత్రము అరుదు. గ్వాలియరులోని రక్షణ పరిశోధకులు 1982లో వెలువరించిన చిన్నసీసా పరీక్షయొకటి కలదు: మందు పట్టించిన కాగితమున్న సీసాలో నీరు పోసి వెచ్చని తావున ఒకటి రెండు దినములుంచినచో, మలదూషితమైన నీరు నల్లబడును. చదువురాని యిల్లాలికిని అర్థమగు ఈ పరీక్షను పంచాయతీలు వర్షాకాలమునకు ముందే వీధివీధికి చేర్చవలెను.

100 చదరపు మీటర్ల డాబామీద ఒక మిల్లీమీటరు వాన 100 లీటర్లగును. మొదటి వానలో అట్టివి ఒకటి రెండు మిల్లీమీటర్లు పారబోయుటకు వెనుదీయకుడు. తొట్టికి దోమ దూరని మూత వేయుడు. ఇంట పసిబిడ్డగాని గర్భిణిగాని వృద్ధులుగాని యున్నచో, కాచని చూరునీరు వారి పెదవికి తగులనీయకుడు.